బయటి డ్రైవ్ నుంచి బూట్ చేయడం – 3వ పాఠం: ఎస్‌ఎస్‌డీలో పూర్తి సిస్టమ్

కిందటి పాఠంలో పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే, నడిపి చూశాం. బూట్ మెనూ కీ నొక్కి, పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుని, డెస్క్‌టాప్ దాకా రావడం ఈపాటికి మీకు అలవాటై ఉండాలి. ఇంకా అక్కడికి రాలేదనుకోండి, ముందు ఆ పని పూర్తి చేసుకుని ఇక్కడికి రండి. ఈ పాఠమంతా ఆ లైవ్ డెస్క్‌టాప్ మీద నుంచే నడుస్తుంది.

లైవ్‌తో వచ్చిన చిక్కు మీకు తెలిసే ఉంటుంది. ఒక ఫైలు దాచుకున్నా, తెలుగు కీబోర్డు పెట్టుకున్నా, వైఫై పాస్‌వర్డ్ ఇచ్చినా, షట్‌డౌన్ చేయగానే అన్నీ పోతాయి. అందుకని ఈసారి పెన్‌డ్రైవ్‌ను ఇన్‌స్టాల్ చేయడానికి మాత్రమే వాడుకుని, అసలు సిస్టమ్‌ను బయటి ఎస్‌ఎస్‌డీలో (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్‌లో) పెడతాం. మనకు రెండు కావాలి. ఆ ఎస్‌ఎస్‌డీ ఏ మెషీన్‌కు తగిలించినా సొంతంగా బూట్ అవ్వాలి. మెషీన్ లోపలి డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టే ఉండాలి. రెండోదాని గురించే ఈ పాఠంలో ఎక్కువ చెబుతాను. ఇన్‌స్టాల్ చేయడం చాలామందికి వచ్చు. లోపలి విండోస్‌ను తాకకుండా చేయడం దగ్గరే తడబడతారు.

ఇది ఎవరికి పనికొస్తుందో హైదరాబాద్‌లో చెప్పనక్కర్లేదు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ హాస్టళ్లలో ఒక ల్యాప్‌టాప్‌ను ఇద్దరు ముగ్గురు పంచుకుని చదువుకునేవాళ్లు ఎందరో. తలా ఒక ఎస్‌ఎస్‌డీ ఉంటే మెషీన్ ఒక్కటే అయినా ఎవరి సిస్టమ్ వాళ్లది, ఎవరి ఫైళ్లు వాళ్లవి. ఇంకో సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది. ఇంటెల్ ఏడో తరం, అంతకన్నా పాత ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లలో దాదాపు అన్నింటికీ విండోస్ 11 అధికారికంగా రాదు. ఆ మెషీన్లేమీ పాడైపోలేదు. లోపలున్నది తీసేయకుండానే వాటికి కొత్త సిస్టమ్ ఇవ్వడానికి ఇది మంచి దారి. విండోస్‌నే బయటి డ్రైవ్‌లో పెట్టుకోవచ్చు కదా అని అడిగేవాళ్లున్నారు. ఎంటర్‌ప్రైజ్ వాళ్లకోసం విండోస్ 8తో వచ్చిన 'విండోస్ టు గో' అలాంటిదే, కానీ 2020లో విండోస్ 10 వెర్షన్ 2004 నుంచి మైక్రోసాఫ్టే దాన్ని తీసేసింది. లినక్స్‌కు ఆ ఇబ్బంది లేదు.

ముందు సామాను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్తే అన్నీ ఒకే చోట దొరుకుతాయి. పాత ల్యాప్‌టాప్‌లోంచి తీసిన 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ ఇంట్లో ఉంటే కొత్తది కొననక్కర్లేదు. "అన్నా, సాటా ఎన్‌క్లోజర్ ఇయ్యి, యూఎస్‌బీ 3ది" అని అడగండి. ఎన్‌క్లోజర్ అంటే లోపలి డిస్క్‌ను యూఎస్‌బీ డ్రైవ్‌గా మార్చే డబ్బా. 3 అన్న మాట వదిలేయొద్దు. యూఎస్‌బీ 2 వేగం 480 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) అని రాసి ఉంటుంది గానీ చేతికందేది సెకనుకు 30, 40 ఎంబీలే. యూఎస్‌బీ 3.0 అయితే 5 జీబీపీఎస్. అదే ఎస్‌ఎస్‌డీ సెకనుకు 400 ఎంబీల దాకా చదవగలదు. పోర్టు లోపలి ప్లాస్టిక్ నాలుక నీలంగా ఉంటే సాధారణంగా 3.0. కొన్ని కంపెనీలు ఆ రంగు పాటించవు, కాబట్టి పక్కన 'ఎస్‌ఎస్' అన్న గుర్తు కూడా చూసుకోండి. దుకాణంలోనే మీ ల్యాప్‌టాప్‌కు తగిలించి చూడండి. కేబుల్ కొంచెం కదిపినా డ్రైవ్ పోయి వస్తుంటే ఆ కేబుల్ తీసుకోవద్దు. ఫొటోలు దాచుకునే డ్రైవ్‌కైతే సర్దుకుపోవచ్చు. సిస్టమే దాని మీద నడుస్తున్నప్పుడు ఒక్క క్షణం తెగినా స్క్రీన్ బిగుసుకుపోతుంది.

పెన్‌డ్రైవ్‌లోనే పూర్తి సిస్టమ్ పెట్టొద్దని గట్టిగా చెబుతాను. సిస్టమ్ నడిచేటప్పుడు చిన్న చిన్న రాతలు ఎడతెరిపి లేకుండా పడుతుంటాయి. మామూలు పెన్‌డ్రైవ్ ఆ పనికి తయారైంది కాదు. వేడెక్కుతుంది, నెమ్మదిస్తుంది, త్వరగా అరిగిపోతుంది. పాత తిరిగే హార్డ్‌డిస్క్ పనిచేస్తుంది గానీ నత్తనడకే. పైగా మోటారు తిరగడం మొదలయ్యే క్షణంలో యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చే 500 మిల్లీయాంపులు దానికి చాలకపోవచ్చు. ఎస్‌ఎస్‌డీ 120 జీబీ ఉంటే చాలు. మింట్ కనీసం 20 జీబీ అడుగుతుంది, 100 ఉంటే మేలంటుంది.

ఇప్పుడు అసలు విషయం. బయటి డ్రైవ్ ఎలా బూట్ అవుతుందో తెలియకుండా ఇన్‌స్టాలర్ తెరిస్తే ఏ బటన్ ఎందుకు నొక్కుతున్నామో అర్థం కాదు.

యూఈఎఫ్ఐ (ఆన్ చేయగానే ముందు నడిచి సిస్టమ్‌ను లేపే మదర్‌బోర్డు ప్రోగ్రాం) ఉన్న మెషీన్‌లో, అంటే విండోస్ 8 కాలం నుంచి వచ్చిన దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలో, మదర్‌బోర్డుకు సొంతంగా చిన్న జ్ఞాపకం ఉంటుంది. 'ఫలానా డిస్క్‌లో ఫలానా ఫైలును నడుపు' అని అందులో రాసి ఉంటుంది. బూట్ మెనూలో కనిపించే 'విండోస్ బూట్ మేనేజర్' అలాంటి రాతే. మరి కొత్తగా తగిలించిన డ్రైవ్ గురించి ఆ జ్ఞాపకంలో ఏమీ ఉండదు కదా? దానికోసం యూఈఎఫ్ఐలో ఒక కట్టుబాటు ఉంది. డ్రైవ్‌లో ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్ (బూట్ ఫైళ్లకు కేటాయించిన భాగం) ఉందా అని చూస్తుంది. ఉంటే అందులో 'ఈఎఫ్ఐ' ఫోల్డర్, దానిలో 'బూట్' ఫోల్డర్, దానిలో 'బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ' అనే ఫైలు వెతుకుతుంది. దొరికితే నడుపుతుంది. ముందస్తు పరిచయం ఏదీ అక్కర్లేదు. మీ డ్రైవ్ ఏ మెషీన్‌లోనైనా బూట్ అవ్వాలంటే ఆ ఫైలు ఆ చోట, ఆ పేరుతో, ఆ డ్రైవ్‌లోనే ఉండాలి.

ఇక్కడే మింట్ ఇన్‌స్టాలర్‌తో గొడవ. మింట్ 22 వాడే ఇన్‌స్టాలర్ ఉబుంటు నుంచి వచ్చిన పాతది. దానిలో అడుగున 'డివైస్ ఫర్ బూట్‌లోడర్ ఇన్‌స్టలేషన్' అని ఒక పెట్టె ఉంటుంది. మీరు అక్కడ బయటి ఎస్‌ఎస్‌డీని ఎంచుకున్నా, యూఈఎఫ్ఐ పద్ధతిలో అది మీ మాట వినదు. మెషీన్‌లో మొదట కనిపించిన ఈఎఫ్ఐ పార్టిషన్‌లో, అంటే మామూలుగా లోపలి విండోస్ డిస్క్‌లో, బూట్‌లోడర్ (సిస్టమ్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రాం) పెట్టేస్తుంది. కొత్త ఇల్లు కట్టుకుని తాళంచెవి పక్కింట్లో వదిలేసినట్టు అవుతుంది. మీ మెషీన్‌లో ఉన్నంతసేపు అంతా బాగానే నడుస్తుంది, ఎక్కడా తేడా తెలియదు. ఎస్‌ఎస్‌డీని స్నేహితుడి గదికి తీసుకెళ్లిన రోజు బూట్ అవ్వదు.

అందుకని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోపలి ఈఎఫ్ఐ పార్టిషన్ ఆ ఇన్‌స్టాలర్ కంట పడకూడదు. అన్నిటికన్నా నిశ్చింతైన దారి లోపలి డిస్క్‌ను తీసి పక్కన పెట్టడం. డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే కరెంటు తీసేసి సాటా కేబుల్ ఊడదీస్తే సరి. కొన్ని మెషీన్ల సెటప్‌లో, అంటే ఆన్ చేయగానే కీ నొక్కి వెళ్లే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, ఆ పోర్టును డిజేబుల్ చేసే వీలుంటుంది. అది ఉంటే మూత కూడా విప్పనక్కర్లేదు. ల్యాప్‌టాప్‌లో ఎం.2 డిస్క్‌ను (బోర్డుకే బిగించే చిన్న ఎస్‌ఎస్‌డీని) మామూలుగా ఒక్క స్క్రూ పట్టి ఉంచుతుంది గానీ, వారంటీ ఉంటే, లేదా మూత విప్పడం మీకు అలవాటు లేకపోతే ముట్టుకోవద్దు. అలాంటివాళ్లకు రెండో దారి ఉంది, కింద చెబుతాను.

ఏ దారిలో వెళ్లినా విండోస్ వైపు ముందు రెండు పనులు చేయాలి. మొదటిది బిట్‌లాకర్ (డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే కీ లేకుండా చదవనివ్వని విండోస్ తాళం) రికవరీ కీ. విండోస్ 11తో వచ్చిన చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ మనకు చెప్పకుండానే ఆన్‌లో ఉంటుంది. సెటప్‌లో సెక్యూర్ బూట్ (నమ్మిన సంతకం ఉన్న బూట్‌లోడర్‌నే నడవనిచ్చే రక్షణ) మార్చినా, బూట్ వరుస మార్చినా అది 48 అంకెల కీ అడగొచ్చు. ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసుకున్నాకే మొదలుపెట్టండి. మెషీన్ అన్నయ్యదో రూమ్‌మేట్‌దో అయితే వాళ్లనే దగ్గర కూర్చోబెట్టుకుని కీ తీయించండి. ఆఫీసుది, ఇన్‌స్టిట్యూట్‌ది అయితే రాతపూర్వకంగా అనుమతి లేకుండా తాకొద్దు.

రెండోది ఫాస్ట్ స్టార్టప్. మామూలుగా షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలోకి వెళ్తుంది. షిఫ్ట్ కీ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, అప్పుడు నిజంగా ఆగుతుంది. బూట్ మెనూ కీ ఎన్నిసార్లు నొక్కినా పట్టడం లేదనేవాళ్లకు చాలాసార్లు ఇదే కారణం. కీలు మరోసారి: డెల్, థింక్‌ప్యాడ్ ఎఫ్12. హెచ్‌పీ ఎస్కేప్ నొక్కి, ఆపైన ఎఫ్9. అసుస్ ల్యాప్‌టాప్ ఎస్కేప్. ఎంఎస్ఐ ఎఫ్11. ఏసర్ కూడా ఎఫ్12 గానీ ముందు ఎఫ్2తో సెటప్‌లోకి వెళ్లి దాన్ని ఎనేబుల్ చేయాలి. ఐడియాప్యాడ్‌లలో చాలావాటికి పిన్నుతో నొక్కే చిన్న నోవో బటన్ ఉంటుంది.

సెక్యూర్ బూట్‌ను తొందరపడి ఆఫ్ చేయకండి. మింట్ బూట్‌లోడర్ మైక్రోసాఫ్ట్ సంతకంతోనే వస్తుంది కాబట్టి చాలా మెషీన్లలో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉండగానే బూట్ అవుతుంది. నిజంగా అడ్డుపడితేనే ఆఫ్ చేయండి.

ఇక పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ మింట్‌లోకి రండి. వచ్చినది యూఈఎఫ్ఐ పద్ధతిలోనేనా అని మొదట చూసుకోవాలి. ఫైల్ మేనేజర్‌లో 'ఫైల్ సిస్టమ్' తెరిచి, 'సిస్', దానిలో 'ఫర్మ్‌వేర్' ఫోల్డర్లలోకి వెళ్లండి. అక్కడ 'ఈఎఫ్ఐ' అనే ఫోల్డర్ ఉంటే సరే. లేకపోతే రీస్టార్ట్ చేసి, బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్‌కు ముందు 'యూఈఎఫ్ఐ' అని ఉన్న వరుసను ఎంచుకోండి.

ఎస్‌ఎస్‌డీ తగిలించి, డిస్క్‌లను పార్టిషన్లుగా విభజించే జీపార్టెడ్ ప్రోగ్రాం తెరవండి. కుడివైపు పైన డిస్క్‌ల జాబితా ఉంటుంది. లోపలి డిస్క్ తీయనివాళ్లకు అక్కడ మూడు కనబడతాయి. 512 జీబీ లోపలి డిస్క్ అయితే 'ఎన్‌వీఎంఈ0ఎన్1' పేరుతో 476.94 జీఐబీ అని ఉంటుంది. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ అయితే 'ఎస్‌డీఏ' అనో 'ఎస్‌డీబీ' అనో, 223.57 జీఐబీ. మూడోది పెన్‌డ్రైవ్. అట్ట మీది అంకెకూ ఇక్కడి అంకెకూ తేడా చూసి కంగారు పడొద్దు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, ఈ ప్రోగ్రాం 1024తో లెక్కిస్తుంది. పేరును మాత్రం నమ్మకండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్నవి రీస్టార్ట్ చేస్తే తారుమారు కావచ్చు. సైజు చూసి గుర్తుపట్టండి. ఇంకా అనుమానంగా ఉంటే ఎస్‌ఎస్‌డీ ఊడదీసి, జాబితా రిఫ్రెష్ చేసి, ఏ వరుస పోయిందో చూడండి. తొందరపడకూడని చోటు ఈ పాఠంలో ఇదొక్కటే. ఇక్కడ తప్పు డిస్క్ ఎంచుకుంటే విండోస్‌తో పాటు అందులోని ఫైళ్లూ పోతాయి.

ఎస్‌ఎస్‌డీని ఎంచుకున్నాక 'డివైస్' మెనూలో 'క్రియేట్ పార్టిషన్ టేబుల్' నొక్కి, రకం 'జీపీటీ' అని ఇవ్వండి. ఎస్‌ఎస్‌డీలో పాతది ఏది ఉన్నా చెరిగిపోతుంది.

లోపలి డిస్క్ తీయనివాళ్లకు చెబుతానన్న రెండో దారి ఇప్పుడు. జీపార్టెడ్‌లోనే లోపలి డిస్క్‌కు వెళ్లి, ఫ్యాట్32గా ఉన్న చిన్న పార్టిషన్ చూడండి. మామూలుగా 100 నుంచి 300 ఎంబీల మధ్య ఉంటుంది, 'బూట్, ఈఎస్‌పీ' అనే ఫ్లాగులు (పార్టిషన్ రకం చెప్పే గుర్తులు) కనబడతాయి. రైట్ క్లిక్ చేసి 'మేనేజ్ ఫ్లాగ్స్'లో ఆ రెండు టిక్కులూ తీసేయండి. దాని స్థానంలో 'ఎంఎస్‌ఎఫ్‌టీడేటా' అని వస్తుంది, రానివ్వండి. లోపలి ఫైళ్లు ఎక్కడికీ పోవు. ఇన్‌స్టాలర్‌కు అది మామూలు పార్టిషన్‌లా కనిపిస్తుంది, అంతే. ఆ పార్టిషన్ నంబరు, 'ఫ్లాగులు తిరిగి పెట్టాలి' అన్న మాట కాగితం మీద రాసి కీబోర్డు పక్కన పెట్టుకోండి. పెట్టకుండా మెషీన్ ఆపితే విండోస్ బూట్ అవ్వకపోవచ్చు. ఆపేశాక గుర్తొస్తే లైవ్ పెన్‌డ్రైవ్‌తో మళ్లీ వచ్చి పెట్టేయొచ్చు.

ఇన్‌స్టాలర్ తెరవండి. భాషల్లో తెలుగు ఉంది, కావాలంటే ఎంచుకోండి. నేను చెప్పే బటన్ల పేర్లు ఇంగ్లీషువి కాబట్టి ఈ ఒక్కసారికి ఇంగ్లీషులో పెట్టుకుని తర్వాత మార్చుకుంటే తేలిక. 'ఇన్‌స్టలేషన్ టైప్' దగ్గర 'సమ్‌థింగ్ ఎల్స్' ఎంచుకోండి. ఎస్‌ఎస్‌డీ కింద 'ఫ్రీ స్పేస్' మీద నొక్కి, ప్లస్ గుర్తుతో 512 ఎంబీ పార్టిషన్ చేసి, 'యూజ్ యాజ్' దగ్గర 'ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్' ఇవ్వండి. మళ్లీ ఫ్రీ స్పేస్‌లో 60 జీబీ తీసుకుని లినక్స్ ఫార్మాట్ అయిన 'ఎక్స్‌ట్4' అని ఇచ్చి, 'మౌంట్ పాయింట్' దగ్గర ఒక్క స్లాష్ పెట్టండి. మిగతా జాగా ఖాళీగా ఉంచి తర్వాత ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకుంటే విండోస్‌లోనూ తెరుచుకుంటుంది, ఫైళ్లు అటూఇటూ మార్చుకోవచ్చు. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే జాగా) పార్టిషన్ అక్కర్లేదు, మింట్ స్వాప్‌కు ఫైలు తనే చేసుకుంటుంది. అడుగున బూట్‌లోడర్ పెట్టెలో ఎస్‌ఎస్‌డీనే ఇవ్వండి. మిగిలినవి పేరు, పాస్‌వర్డ్, ఊరు. ఊరి దగ్గర కోల్‌కతా టైమ్ జోన్ వస్తుంది, మనదేశం అంతటికీ అదే.

పూర్తయ్యాక 'రీస్టార్ట్ నౌ' నొక్కొద్దు, 'కంటిన్యూ టెస్టింగ్' నొక్కండి. ఇప్పుడే తనిఖీ చేయాలి. 'డిస్క్స్' అనే ప్రోగ్రాం తెరిచి, ఎస్‌ఎస్‌డీలో 512 ఎంబీ పార్టిషన్ మీద నొక్కి, కింది త్రికోణం బటన్‌తో మౌంట్ చేసి తెరవండి. 'ఈఎఫ్ఐ' ఫోల్డర్ లోపల 'ఉబుంటు' అనే ఫోల్డర్ ఉండాలి. మింట్ కూడా ఆ పేరే వాడుతుంది, కాబట్టి అనుమానం వద్దు. దాని పక్కన 'బూట్' ఫోల్డర్, అందులో 'బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ' ఉన్నాయా?

ఉంటే పని అయినట్టే. 'ఉబుంటు' ఉండి 'బూట్' లేకపోతే మనమే చేద్దాం. 'ఈఎఫ్ఐ' లోపల 'బూట్' అని కొత్త ఫోల్డర్ చేసి, 'ఉబుంటు' ఫోల్డర్‌లో ఉన్నవన్నీ అందులోకి కాపీ చేయండి. కాపీ అయినవాటిలో 'షిమ్‌ఎక్స్64.ఈఎఫ్ఐ' పేరును 'బూట్‌ఎక్స్64.ఈఎఫ్ఐ'గా మార్చండి. 'ఉబుంటు' ఫోల్డర్‌ను అలాగే ఉంచండి. మింట్ బూట్‌లోడర్ అయిన గ్రబ్ తన సెట్టింగుల ఫైలును అక్కడి నుంచే చదువుకుంటుంది.

లోపలి డిస్క్‌లో ఫ్లాగులు తీసినవాళ్లు కాగితం చూసి ఇప్పుడే తిరిగి పెట్టేయండి. డిస్క్ ఊడదీసినవాళ్లు మెషీన్ పూర్తిగా ఆపి బిగించండి.

పరీక్షకు పెన్‌డ్రైవ్ తీసేసి బూట్ మెనూలోకి వెళ్లండి. ఒకే ఎస్‌ఎస్‌డీకి రెండు వరుసలు కనబడొచ్చు. ఒకటి 'ఉబుంటు', ఇంకోటి 'యూఈఎఫ్ఐ' అన్న మాటతో ఎన్‌క్లోజర్ పేరు. చాలామంది 'ఉబుంటు' నొక్కి, డెస్క్‌టాప్ రాగానే అయిపోయిందనుకుంటారు. ఆ వరుస మదర్‌బోర్డు జ్ఞాపకంలో ఇన్‌స్టాలర్ రాసినది, ఇంకో మెషీన్‌లో అది ఉండదు. రెండో వరుస నొక్కి చూడండి. డ్రైవ్ తన బూట్‌లోడర్‌తో తాను లేచిందో లేదో చెప్పేది అదే. ఆ తర్వాత సెటప్‌లో 'విండోస్ బూట్ మేనేజర్'ను మళ్లీ మొదటి వరుసకు తెచ్చేయండి. మింట్ కావాలన్నప్పుడు బూట్ మెనూ కీ ఉండనే ఉంది.

ఈ పాఠం చూడకముందే ఇన్‌స్టాల్ చేసేసి, బూట్‌లోడర్ లోపలి డిస్క్‌లో పడినవాళ్లుంటారు. మళ్లీ మొదటినుంచి చేయనక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీలో ఈఎఫ్ఐ పార్టిషన్ ఉంటే, లైవ్‌లోకి వచ్చి లోపలి డిస్క్ ఈఎఫ్ఐ పార్టిషన్ నుంచి 'ఉబుంటు' ఫోల్డర్‌ను ఎస్‌ఎస్‌డీ వైపు 'ఈఎఫ్ఐ' ఫోల్డర్‌లోకి కాపీ చేసి, పైన చెప్పినట్టు 'బూట్' ఫోల్డర్ తయారు చేయండి. అక్కడితో ఆపేస్తే ఇంకో తిప్పలు పడతారు. వేరే మెషీన్‌లో గ్రబ్ వస్తుంది, మింట్ మొదలవుతుంది, నిమిషంన్నర ఆగి 'ఎమర్జెన్సీ మోడ్' అంటూ నల్ల తెర మీద నిలబడిపోతుంది. కారణం ఎస్‌ఎస్‌డీలోని 'ఈటీసీ' ఫోల్డర్‌లో ఉన్న 'ఎఫ్‌స్ట్యాబ్' ఫైలు. ఏ పార్టిషన్‌ను ఎక్కడ మౌంట్ చేయాలో అందులో ఉంటుంది. ఈఎఫ్ఐ పార్టిషన్ గుర్తుగా అందులో పాత మెషీన్ లోపలి డిస్క్ యూయూఐడీ పడి ఉంది. ఆ డిస్క్ ఇక్కడ లేదు కాబట్టి దానికోసం ఎదురుచూసి ఆగిపోతుంది. నాలుగు అక్షరాలు, ఒక గీత, మళ్లీ నాలుగు అక్షరాలుగా ఉండే ఆ గుర్తును తీసేసి, 'డిస్క్స్' ప్రోగ్రాంలో ఎస్‌ఎస్‌డీ ఈఎఫ్ఐ పార్టిషన్‌కు చూపించే యూయూఐడీ అక్కడ రాయండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఓపెన్ యాజ్ రూట్' అంటే ఆ ఫైలును మార్చనిస్తుంది.

ఇలా మెషీన్ నుంచి మెషీన్‌కు తీసుకెళ్లే డ్రైవ్‌కు ఇంకొన్ని జాగ్రత్తలు. గ్రాఫిక్స్ కోసం ఎన్‌విడియా సొంత డ్రైవర్లు వేయకండి. ఒక మెషీన్‌కు సరిపోయేవి ఇంకోదానిలో స్క్రీన్ రాకుండా చేయొచ్చు. విండోస్‌కు తగిలించినప్పుడు 'ఫార్మాట్ చేయమంటారా' అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి. ఎక్స్‌ట్4ను విండోస్ చదవలేదు, అందుకే ఆ ప్రశ్న. వేరేవాళ్ల మెషీన్‌లో మింట్ నడిపి వచ్చాక వాళ్ల విండోస్‌లో గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపించవచ్చు. మింట్ మదర్‌బోర్డు గడియారాన్ని అంతర్జాతీయ సమయానికి పెడుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయంగా చదువుతుంది. వాళ్ల టైమ్ సెట్టింగుల్లో 'సింక్ నౌ' నొక్కితే సర్దుకుంటుంది. బూట్ జాబితాలో 'ఉబుంటు' అన్న వరుస కూడా మిగిలిపోవచ్చు. మెషీన్ వాళ్లకు ఆ మాట చెప్పి, సెటప్‌లో వీలుంటే తీసేసి రండి.

ఇంటెల్ మ్యాక్ ఉన్నవాళ్లు ఆప్షన్ కీ పట్టుకుని ఆన్ చేస్తే డ్రైవ్‌ల జాబితా వస్తుంది. టీ2 అనే భద్రతా చిప్ ఉన్న మోడళ్లలో ముందు స్టార్టప్ సెక్యూరిటీలో బయటి డ్రైవ్‌కు అనుమతి ఇవ్వాలి. ఎం1, ఆ తర్వాతి మ్యాక్‌లలో ఈ మింట్ నడవదు.

బూట్ అయ్యాక మొదటి పని తెలుగు పెట్టుకోవడం. కీబోర్డు సెట్టింగుల్లో లేఅవుట్ చేర్చేచోట 'తెలుగు' అని వెతికితే ఇన్‌స్క్రిప్ట్ తరహాది, 'సరళ' అనేది రెండూ వస్తాయి. మన నగరంలోని స్వేచ్ఛ సంస్థ వాళ్లు గ్నూ/లినక్స్‌ను తెలుగులోకి తేవడానికి ఏళ్ల తరబడి పనిచేశారు. మెనూలు తెలుగులో కనబడ్డప్పుడు దాని వెనక అలాంటి స్వచ్ఛంద శ్రమ ఉందని గుర్తుంచుకోండి.

వచ్చే పాఠానికి ముందు ఈ ఎస్‌ఎస్‌డీని కనీసం ఒక వేరే మెషీన్‌లో, కుదిరితే వేరే కంపెనీదానిలో బూట్ చేసి చూడండి. నాలుగో పాఠంలో డ్రైవ్ పోగొట్టుకుంటే ఫైళ్లు ఎవరి చేతిలోనూ పడకుండా ఎన్‌క్రిప్ట్ చేయడం, టైమ్‌షిఫ్ట్‌తో వెనక్కి వెళ్లే దారి పెట్టుకోవడం చూద్దాం. దానికి ఎస్‌ఎస్‌డీలో కనీసం 40 జీబీ ఖాళీ ఉంచుకోండి.